విరిగిన నడుముతో గుండం తొక్కిన మా బావ

మా బావ దేవరాజులును ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది. మా అక్క పంకజాక్షి "పోనీలేవే భానూ" అంటుంది. నేను పోనివ్వను. అలాగని ఆయన చెడ్డవాడు కాదు. తల్లి లేని నన్ను తన ఇంట్లో పెట్టుకుని పదో తరగతి దాకా చదివించాడు. తిరుపతిలో సంబంధం చూసి, కుట్టుమిషనుతో సహా అత్తగారింటికి పంపాడు. మా అక్క మీద చెయ్యెత్తడం అటుంచి, గొంతెత్తడం కూడా నేను చూడలేదు. అయినా ఆ ఏడాది ఆయన చేసిన పనికి ఆయన ఎంత సిగ్గుపడ్డాడో, ఆయన తరఫున నేనూ అంతే సిగ్గుపడుతుంటాను.

పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారిలో లోపలికి తిరిగితే మా తంగేళ్లకండ్రిగ వస్తుంది. బావకు అక్కడ తోతాపురి మామిడితోట ఉంది. కాపు కోసేటప్పుడు కూలీలు గెడకు చిక్కం కట్టుకుని కింద నిలబడి తంటాలు పడుతుంటే, ఈయన పంచె ఎగ్గట్టి చిటారుకొమ్మకు పోయేవాడు. ఆ ఎక్కడం చూసే గుడి పెద్దలు పడుచు వయసులోనే ఆయనకు అర్జునుడి వేషం ఇచ్చారు.

మా వైపు ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ కొలువున్న ధర్మరాజుల గుళ్లో భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజుల పండగ. అందులో ఒక రోజు అర్జునుడి తపస్సు. ఊరి బయట పొడుగాటి మాను నాటి, ఎక్కడానికి దానికి అడ్డకట్టెలు బిగిస్తారు. అర్జునుడు పద్యాలు పాడుతూ కొస దాకా ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. పిల్లలు కలగని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి, అవి తమ మీద పడాలని కాచుకుని ఉంటారు. అందుకే ఆ వేషానికి నియమాలెక్కువ. చేతికి కంకణం కట్టుకున్న రోజు నుంచి చివరి రోజు నిప్పుల గుండం తొక్కేదాకా గుళ్లోనే పడుకోవాలి. మాంసం ముట్టకూడదు, సొంత ఇంటి వైపు పోకూడదు, పెళ్లాం నీడ కూడా తగలకూడదు.

బావకు ఆ వేషమంటే ప్రాణం. చిత్తూరు మండీకి కాయల లోడు తీసుకుపోతే అక్కడి వ్యాపారులు "రా అర్జునప్పా" అని పిలిచి కుర్చీ వేసేవారు. ఆ పిలుపు కోసమే ఆయన తానే లారీ ఎక్కి పోయేవాడని మా అక్క ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. కాదనేవాడు మాత్రం కాదు.

రెండువేల ఏడు చలికాలంలో ఆయనకు తల తిరగడం మొదలైంది. తల పైకెత్తితే చాలు, చుట్టూ ఉన్నదంతా గిర్రున తిరిగేదట. డాక్టరుకు చూపించుకోలేదు, అక్కకు చెప్పలేదు. చెబితే మాను ఎక్కనివ్వరు, వేషం ఊరి కుర్రాడు మునికుమార్‌కు పోతుంది. మునికుమార్ అప్పటికే పద్యాలన్నీ కంఠతా పట్టి ఎప్పుడెప్పుడా అని ఉన్నాడు. వయసు మీద పడిందని నలుగురూ అనుకుంటారేమోనన్న భయం మా బావను లోపల తినేసింది. ఈ సంగతంతా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మరుసటి ఎండాకాలం భారతం మొదలైంది. బావ కంకణం కట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం గుడి మెట్ల మీద తల తిరిగింది. ఎవరైనా చూస్తారేమోనని వెనక సందులోంచి ఇంటికి వచ్చి పంచలో కూలబడ్డాడు. అక్క బిత్తరపోయింది.

"ఏందయ్యా, ఈడికొస్తివి? కంకణం కట్టుకోని ఇంటికొచ్చేదా?" అంటూనే గడప లోపలి నుంచి చెంబుతో నీళ్లు జరిపింది.

"దప్పికైతే వచ్చినాలే" అన్నాడు.

కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని లేచి పోయాడు. అంతే జరిగింది. కానీ ఎదురింటి నాగులమ్మ అది చూసింది. నాగులమ్మ కంట్లో పడితే ఊరి కంట్లో పడినట్టే.

తపస్సు రోజు ఆయన మాను కొస దాకా ఎక్కాడు. పద్యాలు పాడాడు, నిమ్మకాయలు విసిరాడు. నేను కూడా కింద జనంలో నిలబడి చూశాను, ఆ గొంతులో ఎక్కడా వణుకు లేదు. దిగుతూ దిగుతూ, ఇంక రెండాళ్ల ఎత్తు ఉందనగా, వదులైన జడముడి సర్దుకోవడానికి తల పైకెత్తాడు. పట్టు వదిలేశాడు. నేల మీద పిరుదుల మీద కూలబడినప్పుడు వచ్చిన చప్పుడు నాకింకా గుర్తుంది. మేళం ఆగిపోయింది. పడుకుని ఉన్న ఆడవాళ్లు లేచి కూర్చున్నారు. మా అక్క జనాన్ని ఆపే తాడు దాటి పరిగెత్తబోయింది. అప్పుడే వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది: "నియమం తప్పినాడు. మొన్న పట్టపగలే ఇంటికి పొయ్యొచ్చినాడంట." అక్క అడుగు అక్కడే ఆగిపోయింది.

ఎముకలకు కట్టు కట్టే ఆయన్ను పిలిపించారు. ఆయన వేళ్లతో నడుము తడిమి, "చెయ్యో కాలో అయితే నేను చూస్తా. వెన్నెముక నా కట్టుకు లొంగేది కాదబ్బా, కదిలించకుండా తిరుపతికి తీసకపోండి" అని చెప్పి చేతులు కడుక్కున్నాడు. బల్ల మీద పడుకోబెట్టి, వ్యాన్‌లో తిరుపతికి తీసుకొచ్చి, మా వీధికి దగ్గర్లో ఉన్న ఎముకల ఆసుపత్రిలో చేర్చాం.

డాక్టరు పేరు చక్రధర్. చిన్న వయసు, నిదానం మనిషి. స్కానింగు ఫిల్ము దీపం ముందు పెట్టి, అక్కకూ నాకూ వేలితో చూపించాడు. నడుముకు కొంచెం పైన ఒక వెన్నుపూస నలిగిపోయి ఉంది.

"అదృష్టం బాగుంది. నరాలకు ఏమీ కాలేదు, కాళ్లలో బలం అలాగే ఉంది. కాబట్టి పెద్ద కోత అక్కర్లేదు. వీపు మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ స్క్రూలు దింపి, లోపలే కడ్డీలు బిగిస్తాం. ఈ పద్ధతి మన ఊరికి కొత్తగా వచ్చింది. కండ కోయం, ఎముక మీద నుంచి కండ ఊడదీయం. రక్తం ఎక్కువ పోదు, నొప్పి తక్కువ, తొందరగా లేచి తిరుగుతారు."

"పెద్ద కోత ఎవురికి సేస్తారు సార్?" అని అడిగింది అక్క.

"విరిగిన ముక్క వెనక్కి జరిగి నరాల మీద నొక్కితే, వీపు తెరవాల్సిందే. ఆ ముక్క తీసి నరాలకు చోటు చెయ్యాలి. ఈయన విషయంలో ఆ పని చిన్న గాట్లలోంచి కాదు. అది రాకూడదనే చెప్తున్నా, ఆపరేషన్ అయ్యేదాకా లేవకూడదు, కూర్చోకూడదు."

బావ మంచం మీద నుంచి అడిగిన మాట ఒక్కటే. "మచ్చ పడతాదా సార్? వేషం కట్టేటప్పుడు వీపంతా కనపడతాది."

డాక్టరు నవ్వాడు. "బొట్టుబిళ్లలంత మచ్చలు. రంగు పూస్తే కనపడవు." బావ ముఖం విప్పారింది. నడుము విరిగి పడున్న మనిషికి అంత సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో! తర్వాత డాక్టరు "ఎలా పడ్డారు? కళ్లు తిరిగాయా?" అని అడిగితే, "లేదు సార్, కాలు జారింది" అన్నాడు.

నర్సు కంకణం విప్పాలంది. గుండం తొక్కేదాకా విప్పకూడదని మేం గాభరా పడ్డాం. డాక్టరు "ఉండనీ, దాని మీద శుభ్రమైన గుడ్డ చుడదాం" అన్నాడు. కాబట్టి ఆపరేషన్‌కు నియమం అడ్డొచ్చిందని మా బావ చెప్పుకోవడానికి వీల్లేదు. దేవుడి వైపు నుంచి అడ్డంకి లేదు, డాక్టరు వైపు నుంచీ లేదు.

మరుసటి రోజు గుడి పెద్ద గోవిందు మామ ఊరి నుంచి నలుగురితో వచ్చాడు. పండ్లు పక్కన పెట్టి, మంచం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. కంకణం ఇంకా విప్పలేదని బావ మంచానికి దూరంగా మసలుతున్న అక్క, మామకు కాఫీ తెచ్చి చేతికిస్తూ ఉంది.

"దేవరాజులూ, దాపరికం లేకుండా అడగతాండా, ఏమనుకోవద్దప్పా. కంకణం మింద ఇంటికి పోయినావంట. నిజమేనా?"

ఆ ఒక్క క్షణం చాలు. "తల తిరిగి పోయినా మామా, నీళ్లు తాగొచ్చినా" అంటే సరిపోయేది. బావ గోవిందు మామ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, తల పక్కకు తిప్పుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనానికి అర్థం అందరూ ఒకటే తీసుకున్నారు.

"నేను గడప దాటలేదు మామా" అంది అక్క. గోవిందు మామ లేచాడు. కాఫీ గ్లాసు తాగకుండానే కిటికీలో పెట్టి, "మగోడు తెలీక వస్తాడు. ఆడదానికుండాల బుద్ధి" అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. అక్క చెవిలో పడేలాగే అన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను బావ మీద విరుచుకుపడ్డాను. "నోరు పడిపోయిందా బావా? అక్కను అంత మాటంటే ఊరకుంటివే!" ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గుండం తొక్కితే అన్నీ సమసిపోతాయి భానూ. తప్పు సేసినోడి కాళ్లు కాలతాయి. నా కాళ్లు కాలవు. ఊరంతా సూస్తాది" అన్నాడు. ఆయన లెక్క అది. నిజం చెప్పకుండానే నిందను నిప్పుల మీద నడిచి పోగొట్టుకోవచ్చనుకున్నాడు. అర్జునుడిగా పరువూ దక్కుతుంది, అక్క పేరూ దక్కుతుందని ఆశ.

ఆపరేషన్‌కు ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఇంతలో చివరి రోజు రానే వచ్చింది. అక్క ముందు రోజే ఊరికి పోయి ఉంది. డాక్టరు వేరే వార్డులో ఉండగా, బావ నడుముకు పట్టీ బిగించుకుని మునికుమార్ భుజం పట్టుకుని వ్యాను ఎక్కాడు. నేను అన్నం క్యారియర్‌తో వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నర్సు తిట్లన్నీ నేనే పడ్డాను. బస్సు పట్టుకుని పరిగెత్తాను.

నేను ఊరు చేరేసరికి సాయంత్రమైంది. గుండంలో నిప్పులు ఎర్రగా పరిచి ఉన్నాయి. పసుపు నీళ్లతో తడిపిన పంచెతో బావ నిలబడి ఉన్నాడు. పక్కనే ఇద్దరు పట్టుకున్నారు. గుండం అంచుకు వచ్చాక వాళ్లను వదిలేయమన్నాడు. నేను అరిచిన అరుపు మేళంలో కలిసిపోయింది.

మిగతావాళ్లు నాలుగు అంగల్లో దాటేస్తారు. మా బావ మెల్లగా, చాలా మెల్లగా నడిచాడు. ముఖంలో ఎక్కడా బాధ లేదు. "ద్రౌపదమ్మ తల్లీ" అని జనం చేతులు జోడించారు. ఎవరో ఏడ్చారు. మా అక్క ముఖంలో ఆ పొద్దు ఒక వెలుగు చూశాను, దాన్ని తలుచుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. ఎందుకంటే ఆయన మెల్లగా నడిచింది భక్తితో కాదు. కాళ్లు ఎత్తలేకపోయాడు. అవతల కాళ్లు చల్లార్చుకునే పాలగుంటలో దిగాక కూలిపోయాడు. ఎత్తి పడుకోబెట్టి చూస్తే రెండు పాదాలూ బొబ్బలు. "మంటగా ఉండాదా?" అని అడిగితే తెల్లబోయి చూశాడు. ఆయనకు ఏమీ తెలియలేదు.

ఊరికి మాత్రం తెలిసిపోయింది. కాళ్లు కాలాయి, అంటే నియమం తప్పిన మాట నిజమే. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

తిరిగి తీసుకొస్తే డాక్టరు చక్రధర్ మళ్లీ స్కానింగు తీయించి, సూదితో బావ పాదాలు గుచ్చి చూశాడు. ఆయన కదల్లేదు. "ముక్క వెనక్కి జరిగింది. నరాల మీద కూర్చుంది. చిన్న గాట్లతో అయ్యే పని చేతులారా పోగొట్టుకున్నారు. ఇప్పుడు వీపు తెరవాలి. మూత్రం కూడా ఆగిపోయింది, ఆలస్యం చేస్తే అది కూడా తిరిగి రాకపోవచ్చు" అన్నాడు.

ఆ ఆపరేషన్ చాలాసేపు పట్టింది. రక్తం ఎక్కించారు. మా ఆయన ఆటో పక్కనపెట్టి వచ్చి రక్తం ఇచ్చాడు. వీపు మధ్యలో జానెడుకు పైగా కోత. కండలు పక్కకు లాగి చేసిన పని కావడంతో, తర్వాత పక్కకు ఒత్తిగిలాలన్నా మా బావ పసిబిడ్డలా ఏడ్చేవాడు. అదే వార్డులో రేణిగుంట గోడౌనులో లారీ మీద నుంచి పడిన నరేంద్ర అనే అతను ఉండేవాడు. అతనికి చిన్న గాట్లతోనే చేశారు. కొద్ది రోజుల్లోనే వరండాలో పచార్లు చేసేవాడు. అతను ఎదురుగా నడిచిన ప్రతిసారీ బావ గోడ వైపు తిరగాలని చూసేవాడు. తిరగలేకపోయేవాడు.

మెల్లమెల్లగా పాదాల్లో స్పర్శ వచ్చింది. వాకరుతో లేపి నిలబెట్టిన రోజు ఆయన తల ఎత్తగానే తూలాడు. డాక్టరు గబుక్కున పట్టుకున్నాడు.

"దేవరాజులూ, ఇప్పుడు పడితే నేను బిగించిందంతా ఊడుతుంది. ఈసారైనా నిజం చెప్పు. ఆ రోజు తల తిరిగే పడ్డావు గదా?"

అక్క ఇడ్లీ పళ్లెం పట్టుకుని పక్కనే ఉంది.

"అవును సార్. చలికాలం నుంచి తిరగతానే ఉండాది. మాను ఎక్కనీరని సెప్పలేదు. ఆ పొద్దు ఇంటికి పోయింది కూడా తల తిరిగితేనే."

చెవుల డాక్టరుకు చూపించారు. లోపలి చెవిలో ఏదో చిన్న తేడా. తలను అటూ ఇటూ తిప్పి చేయించే ఒక కసరత్తు, కొన్నాళ్లు మాత్రలు, అంతే. తగ్గిపోయింది. ఇంత చిన్నదాన్ని దాచిపెట్టడానికా ఇదంతా జరిగింది అని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం అక్క వరండా బెంచీ మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. "దప్పిక గాదన్నమాట" అంది, అంతే. తర్వాత లోపలికి పోయి ఆయనతో, "ఈ మాట ఊర్లో ఎప్పుడు సెప్తావు?" అని అడిగింది. "ఇంటికి పోతానే సెప్తా పంకజా" అని ఒట్టేశాడు.

ఇంటికి పోయాడు. చెప్పలేదు. నడవలేని వాణ్ణి ఎవరు వింటారన్నాడు. కర్ర పట్టుకుని నడవడం వచ్చాక, సందర్భం రావాలన్నాడు. ఆ సంవత్సరమంతా మా అక్క బతుకు ఏం చెప్పను? గుళ్లో పొంగలి పెట్టడానికి పోతే గుడివాళ్లు ఆమె కుండ తీసుకోలేదు. పెళ్లిళ్లలో పసుపు దంచే దగ్గరికి పిలవలేదు. ఒక రోజు కుప్పమ్మ వీధిలో నిలబడి, "నా కోడలు తడిబట్టల్తో పండుకునింది, కాయ కూడా వొడిలో పడింది. అయినా కడుపు పండలేదు. ఎట్ల పండతాది? మొగుణ్ణి ఆగబట్టుకోలేని ఆడది మా కొంప ముంచింది" అని శాపనార్థాలు పెట్టింది. అక్క లోపల పొయ్యి ముందు కూర్చుని వింది. బావ పంచలో నులకమంచం మీద పడుకుని విన్నాడు. నేనా రోజు అక్కడే ఉన్నాను. ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆ దుప్పటి కింద ఆ భుజాలు కదలడం చూశాను. సిగ్గుతో ఏడుస్తున్నాడని తెలుసు. తెలిసినా నాకు జాలి కలగలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. భారతానికి జెండా ఎత్తే రోజు పొద్దున ఊరంతా గుడి ముందు చేరింది. మునికుమార్‌కు కంకణం కట్టబోతున్నారు. బావ ఆ రాత్రంతా నిద్రపోలేదేమో, కళ్లు వాచి ఉన్నాయి. కర్ర ఊతతో లేచి నేరుగా మైకు దగ్గరికి పోయాడు.

"పోయినేడు నేను ఇంటికి పోయింది పెండ్లాం కోసరం కాదు. నా పెండ్లాం తప్పు అసలే లేదు. నాకు తల తిరిగే జబ్బుండె. అది దాసిపెట్టి మాను ఎక్కినా. ఇంటికి పోయి నీళ్లు తాగినా, ఆయమ్మ గడప కూడా దాటలేదు. గోవిందు మామ అడిగితే పరువు పోతాదని నోరు మూసుకున్నా. తప్పంతా నాది. ఆయమ్మ కాళ్లకు మొక్కాల్సినోణ్ణి."

నేను అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎట్టకేలకు చెప్పాడు, పోన్లే, అనుకున్నాను. గోవిందు మామ లేచి వచ్చాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బావ చేతిలోంచి మైకు తీసుకుని, ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"సూసినారా అబ్బా! నడుము ఇరిగి, వీపు కోయించుకోని, ఇంత జరిగినా పెండ్లాం పేరు సెడకూడదని తప్పు నెత్తిన ఏసుకుంటాండాడు. ఇదప్పా మొగోడంటే. ఇట్టాంటి గుణం అర్జునుడికే ఉండాల!"

జనం చప్పట్లు కొట్టారు. "కాదు మామా, నిజంగానే..." అని బావ అంటూనే ఉన్నాడు. మేళం మొదలైంది. ఎవరో మెడలో పూలదండ వేశారు. ఆయన దాన్ని తీయబోతే ఇంకొకరు ఆయన కాళ్లకు దండం పెట్టారు. నాగులమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ వచ్చి మా అక్క గడ్డం పట్టుకుంది. "ఏం పుణ్యం సేసుకున్యావో తల్లీ, ఇట్టాంటి మొగుడు దొరికినాడు. ఇంకనైనా బుద్ధిగా ఉండు" అంది.

అక్క నా చెయ్యి విడిపించుకుని ఇంటి దారి పట్టింది. బావ కర్ర టకటకలాడించుకుంటూ మా వెనకే వచ్చాడు. వాకిట్లో ఆమెను అందుకున్నాడు. ముఖం నల్లగా మాడిపోయి ఉంది.

"పంకజా, వాళ్లు నమ్మలేదే. రేపు మల్లా పోయి సెప్తా. ఇంటింటికీ పోయి సెప్తా."

అక్క వెనక్కి తిరిగింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"వొద్దులేయ్యా. ఇంకొకసారి సెప్పినావంటే నిన్ను దేవుణ్ణి సేస్తారు."